బత్తాయి తల్లి వంశం పంపర పనస: రెండు జీనోములు తేల్చిన పుట్టుక

నల్లగొండ తోటలో కాపు కాస్తున్న బత్తాయి చెట్టు నిజానికి రెండు మొక్కలు. పైన అంటు కట్టిన సాత్‌గుడి రకం బత్తాయి, కింద వేరునిచ్చే మొక్క, అంటే రంగపూర్ నిమ్మ లేదా జంబేరి వేరుమూలం. రెండూ వేర్వేరు సంకరాల సంతానం. కణంలో ఆకుకు పచ్చదనమిచ్చే భాగమైన క్లోరోప్లాస్ట్‌నొక్కదాన్నో, కేంద్రకాన్నొక్కదాన్నో పట్టుకుని కూర్చుంటే ఈ సంగతి ఇప్పటికీ తేలేది కాదు.

చంద్రకాంత మొక్కలో ఆకుల తెలుపు, పచ్చ తల్లి వైపు నుంచే వస్తాయని 1909లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త కారెన్స్ చూపాడు. పుప్పొడి ఏ కొమ్మదైనా ఫలితం మారలేదు. క్లోరోప్లాస్ట్‌కు సొంత డీఎన్‌ఏ ఉందని 1960లలో రుజువైంది. నిమ్మజాతిలోనూ అది తల్లిదే. కేంద్రక డీఎన్‌ఏ మాత్రం ఇద్దరిదీ.

ఆకారాన్ని బట్టి అమెరికా వృక్షశాస్త్రవేత్త స్వింగిల్ 16 నిమ్మజాతులన్నాడు, జపాన్ వృక్షశాస్త్రవేత్త తనాకా 162 దాకా పోయాడు. పంపర పనస, కమలా, మాదీఫలం ఈ మూడే సాగు రకాలకు మూలమని 1976లో బారెట్, రోడ్స్ అన్నారు. తర్వాత క్లోరోప్లాస్ట్ డీఎన్‌ఏను పోల్చి చూస్తే బత్తాయి పంపర పనసతో కలిసింది. 2006లో బత్తాయి క్లోరోప్లాస్ట్ జీనోమ్, అంటే దాని మొత్తం డీఎన్‌ఏ, పూర్తిగా చదివారు: 1,60,129 బేస్‌లు (డీఎన్‌ఏ అక్షరాలు). తల్లి వంశం తెలిసింది. తండ్రి?

2013లో చైనా శాస్త్రవేత్తలు కేంద్రక జీనోమ్ చదివారు. సుమారు 36.7 కోట్ల బేస్‌లు, 9 జతల క్రోమోజోములు. పంపర పనస, కమలాల సంకరాన్ని మళ్లీ కమలాతో కలిపితే బత్తాయి వచ్చిందన్నారు. ఏడాదికే ఆ లెక్క చెడింది. క్రోమోజోముల్లో కొన్ని చోట్ల రెండు ప్రతులూ పంపర పనసవే కనిపించాయి. తండ్రి స్వచ్ఛమైన కమలా అయితే అలా ఉండటానికి వీల్లేదు. అంటే తండ్రి వైపూ అప్పటికే పంపర పనస కలిసి ఉంది. ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన మలుపు ఇదే. వేరుమూలాల సంగతి సూటిగా తేలింది: రంగపూర్ నిమ్మకూ జంబేరికీ తల్లి కమలా, తండ్రి మాదీఫలం.

మన తోటల్లో డీఎన్‌ఏ పరీక్షకు ఆకు తీసేవారికి ఇది నేరుగా పనికొస్తుంది. అంటు కట్టిన చోటుకు కింద లేచిన పిలక నుంచి ఆకు తీస్తే వచ్చేది వేరుమూలం డీఎన్‌ఏ. క్లోరోప్లాస్ట్ మార్కర్ (రకాన్ని గుర్తుపట్టించే డీఎన్‌ఏ ముక్క) ఒక్కటి పెడితే పొరపాటు బయటపడుతుంది: బత్తాయిది పంపర పనస రకం, పిలకది కమలా రకం. లేత ఆకును బరువుకు పదింతల సిలికా జెల్‌లో వెంటనే ఆరబెట్టాలి. ఆలస్యమైతే డీఎన్‌ఏ ముక్కలవుతుంది. డీఎన్‌ఏను బయటికి తీసే సీటాబ్ ద్రావణంలో 65 డిగ్రీల వద్ద అరగంట నుంచి గంట ఉంచాలి. ఆకులోని ఫినాల్స్ డీఎన్‌ఏను గోధుమ రంగుకు తిప్పుతాయి, అందుకే పీవీపీ, మెర్కాప్టోఎథనాల్ అనే రసాయనాలు కలుపుతారు. జిగురు పట్టకుండా ఉప్పు గాఢత 1.4 మోలార్ ఉంచుతారు.

కణానికి క్లోరోప్లాస్ట్ ప్రతులు వందల్లో, వేలల్లో ఉంటాయి. మొత్తం 37 కోట్ల బేస్‌లు చదివి, అందులో పదో వంతు క్లోరోప్లాస్ట్‌దైతే దాని ప్రతి బేస్ 230 సార్లు చదివినట్టే. కేంద్రకానికి ఒక్కసారి కూడా సరిగ్గా రాదు. సంకరం వాటాలు తేల్చాలంటే కేంద్రకాన్ని 30 సార్లు, అంటే 1,100 కోట్ల బేస్‌లు చదవాలి. క్లోరోప్లాస్ట్ ముక్కలు కేంద్రకంలోకి చేరి అక్కడే మారుతూ ఉంటాయి. లోతు తక్కువగా, అంటే తక్కువసార్లు చదివినట్టు, కనిపించే తేడాలను తీసేయకపోతే లేని తేడా ఉన్నట్టు కనిపిస్తుంది.

సాత్‌గుడినీ మొసంబినీ విడదీయాలంటే మాత్రం క్లోరోప్లాస్ట్ పనికిరాదు. రెండూ బత్తాయిలే, తల్లి వంశం ఒకటే. గింజలో తల్లి కణజాలం నుంచే పిండాలు పుట్టడంతో జీనోమ్ దాదాపు మారకుండా సాగింది. తేడాలు కొమ్మల్లో అప్పుడప్పుడూ వచ్చిన మార్పుల్లోనే ఉంటాయి, వాటిని కేంద్రకంలోనే వెతకాలి.