మెట్‌ఫార్మిన్ బిళ్ళ మీద అపోహలు - వాస్తవాలు

గాజువాకలో మందుల షాపు నడిపే ఫార్మసిస్టుని. స్టీల్ ప్లాంట్ షిఫ్టులకి వెళ్లేవాళ్లు, రిటైరైన పెద్దవాళ్లు ఎక్కువగా తీసుకెళ్లే షుగర్ బిళ్ళ మెట్‌ఫార్మిన్. 1957లో ఫ్రాన్స్‌లో షుగర్‌కి వాడడం మొదలైన మందు, ఇప్పటికీ చాలామందికి డాక్టర్లు ముందు రాసేది ఇదే. అలాంటి మందుని ఎవరో ఏదో చెప్పారని మానేసేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

అపోహ: రాత్రి రెండు చపాతీలే తిన్నాను, అయినా పొద్దున ఫాస్టింగ్ 160 ఉంది, అంటే బిళ్ళ పనిచెయ్యట్లేదు.

వాస్తవం: పరగడుపున కనిపించే ఆ షుగర్‌లో ఎక్కువ భాగం చపాతీలది కాదండీ, మీ లివర్‌ది. మనం పడుకున్నా మెదడుకి గ్లూకోజ్ కావాలి కాబట్టి లివర్ రాత్రంతా కొంచెం కొంచెం వదులుతూనే ఉంటుంది, అది హద్దు దాటకుండా చూసేది ఇన్సులిన్. టైప్ 2 షుగర్‌లో లివర్ ఇన్సులిన్ మాట సరిగ్గా వినదు, అవసరం లేకపోయినా తయారుచేసి వదిలేస్తుంది. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా తగ్గించేది దీన్నే. పేగుల్లోనూ కొంత పనిచేస్తుంది. పూర్తి ఫలితం కనపడడానికి కొన్ని వారాలు పడుతుంది, కాబట్టి నాలుగు రోజులకే బిళ్ళ మార్చమని అడగొద్దు.

అపోహ: కిడ్నీలు పాడుచేస్తుంది.

వాస్తవం: ఈ మందు లివర్‌లో అరగదు, ఉన్నది ఉన్నట్టుగా కిడ్నీల ద్వారా మూత్రంలో బయటికి పోతుంది. కిడ్నీలు ముందే బాగా దెబ్బతిని ఉంటే అలా పోలేక ఒంట్లో పేరుకుంటుంది, లాక్టిక్ ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంటుంది, అందుకే కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే ఈజీఎఫ్ఆర్ అనే రక్తపరీక్ష అంకె 30 కంటే తగ్గితే డాక్టరుగారు ఆపేస్తారు. ఆపారు కాబట్టి బిళ్ళే పాడుచేసిందని చుట్టాలందరికీ చెప్తారు! కిడ్నీలని నిజంగా తినేసేది అదుపులో లేని షుగర్, బీపీ.

అపోహ: మెట్‌ఫార్మిన్ వేసుకుంటే షుగర్ డౌన్ అయిపోతుంది.

వాస్తవం: ఒక్క మెట్‌ఫార్మినే అయితే చాలా అరుదు, ఎందుకంటే అది క్లోమం చేత ఇన్సులిన్ ఎక్కువగా వదిలించదు. కానీ మీ స్ట్రిప్ తిప్పి చూడండి, చిన్న అక్షరాల్లో గ్లిమెపిరైడ్ అని కూడా ఉందేమో. అది మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్ వదిలిస్తుంది. నైట్ షిఫ్టు దిగొచ్చి బిళ్ళ వేసుకుని టిఫిన్ మానేసి పడుకునేవాళ్లకి, కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండేవాళ్లకి చెమటలు, వణుకు వచ్చేది సాధారణంగా దీనివల్లే. ఉపవాసం ఉండాలనుకుంటే ముందే డాక్టరుగారిని అడగండి.

అపోహ: బిళ్ళ అరగకుండా మలంలో అలాగే వచ్చేసింది.

వాస్తవం: ఎస్ఆర్ బిళ్ళ, అంటే మందుని మెల్లమెల్లగా వదిలేది అయితే, వచ్చింది ఖాళీ డొల్ల, మందు లోపలే దిగిపోయింది. ఎస్ఆర్ బిళ్ళని నమలొద్దు, నూరొద్దు.

మొదట్లో వచ్చే విరేచనాలు, కడుపుబ్బరం భోజనంతో వేసుకుంటే చాలావరకు తగ్గుతాయి. ఏళ్ల తరబడి వాడేవాళ్లకి బి12 తగ్గొచ్చు, అరికాళ్లలో తిమ్మిర్లు మొదలైతే షుగర్ వల్లేలే అని సరిపెట్టుకోకుండా ఆ పరీక్ష రాయమని అడగండి. తక్కువుంటే బి12 ఇస్తారు, దానికోసం మెట్‌ఫార్మిన్ మానెయ్యక్కర్లేదు.