లాగే బరువు వేరు, మోసే బరువు వేరు: ట్రక్ క్యాంపర్, ట్రెయిలర్‌ల గురించి అపోహలు – వాస్తవాలు

వేసవి దగ్గర పడుతోందంటే మా ఆర్వీ (పడక, వంట సదుపాయాలుండే ప్రయాణపు బండి) సర్వీసు షాపుకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "శుక్రవారం సాయంత్రం బయలుదేరి ఆదివారం వచ్చేస్తాం. అంత చిన్న ప్రయాణానికి ట్రెయిలర్ ఎందుకు? మా పికప్ 9,000 పౌన్లు లాగుతుందట. 2,000 పౌన్ల క్యాంపర్ దానికొక లెక్కా?" క్యాంపర్ అంటే పికప్ వెనుక బెడ్‌లో, అంటే సామాను వేసే తొట్టిలో, ఎక్కించే చిన్న గది. ట్రెయిలర్ అంటే వెనుక తగిలించి లాగే చక్రాల ఇల్లు. అమెరికాలో ఉంటున్న మన తెలుగు కుటుంబాలు కూడా ఈ మధ్య ఈ ప్రశ్నతోనే వస్తున్నాయి. అడిగేవాళ్ళ తప్పేమీ లేదు. ప్రకటనల్లో ఆ 9,000 అంకె పెద్ద అక్షరాలతో ఉంటుంది. అసలు చూడవలసిన అంకె మాత్రం డ్రైవర్ తలుపు తెరిస్తే గానీ కనబడదు. సగం మాట చెప్పి బండి అంటగట్టేవాళ్ళ మీదే నా కోపమంతా.

అపోహ: అంత బరువు లాగే ట్రక్, ఇంత బరువు మోయలేదా?

మోయలేదు. బండికి కట్టిన ఎద్దు లాగే బరువు వేరు, దాని వీపు మీద వేయగలిగిన బరువు వేరు. ట్రెయిలర్ తన బరువులో ఎక్కువ భాగాన్ని తన చక్రాల మీదే మోసుకుంటుంది. ట్రక్ మీద పడేది టంగ్ వెయిట్, అంటే ట్రెయిలర్ ముక్కు ట్రక్ వెనుక కొక్కెం మీద మోపే బరువు, మాత్రమే. క్యాంపర్ అలా కాదు. దాని బరువంతా, అందులో పెట్టిన ప్రతి గిన్నెతో సహా, ట్రక్ వీపు మీదే ఉంటుంది. అందులోనూ దాదాపు మొత్తం వెనుక యాక్సిల్ (ఇరుసు) మీదే.

డ్రైవర్ తలుపు తెరిస్తే అక్కడి స్తంభం మీద టైర్ల వివరాలతో ఒక స్టిక్కర్ ఉంటుంది. ప్రయాణికులు, సామాను కలిపి ఇన్ని పౌన్లు ఎప్పుడూ మించరాదని దాని మీద రాసి ఉంటుంది. అదే మీ పేలోడ్. బ్రోషర్‌లోని అంకె ఆ మోడల్‌లో అతి తేలికైన బండిది. స్టిక్కర్ మీది అంకె మీ బండిది. లెదర్ సీట్లు, సన్‌రూఫ్, ఫోర్ వీల్ డ్రైవ్ అన్నీ తీసేయగా మిగిలినది అదే. ఒకే మోడల్ ట్రక్కులు రెండు పక్కపక్కన నిలబడి ఉన్నా వాటి పేలోడ్‌లలో వందల పౌన్ల తేడా ఉండవచ్చు.

ఒక లెక్క వేసి చూద్దాం. హాఫ్ టన్ ట్రక్ (పెద్ద పికప్‌లలో తేలిక తరగతి పేరు, అది మోసే బరువు కాదు), స్టిక్కర్ మీద 1,520 పౌన్లు. ఇది అరుదైన అంకె కాదు, ఆ తరగతిలో రోజూ చూసేదే. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు కలిపి 450 అనుకుందాం. బెడ్ మూత, పనిముట్లు, కుర్చీలు ఇంకో వంద. మిగిలింది 970. ఇప్పుడు బ్రోషర్‌లో 2,100 పౌన్లని రాసిన క్యాంపర్ తీసుకోండి. అది ఖాళీ బరువు. గ్యాలన్ నీళ్ళు సుమారు 8.3 పౌన్లు, 30 గ్యాలన్ల ట్యాంకు నింపితే 250. రెండు ప్రొపేన్ సిలిండర్లు నిండుగా 75 దాకా ఉంటాయి. బ్యాటరీలు, పైకప్పు మీది ఏసీ, ఆనింగ్ (పక్కకు విప్పే నీడ గుడ్డ), పరుపులు, బట్టలు, తిండి, వంటసామాను కలిపితే మొత్తం 2,800కు తక్కువ ఉండదు. ఉన్న చోటు 970, ఎక్కించేది 2,800.

అదే ట్రక్‌కు, సామానుతో కలిపి 6,000 పౌన్లు తూగే ట్రెయిలర్ తగిలించండి. టంగ్ వెయిట్ ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. పన్నెండున్నర శాతం అనుకుంటే 750. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (ఆ బరువును మిగతా యాక్సిళ్ళకూ పంచే కొక్కెం) 90. మొత్తం 840. 970లో ఇంకా 130 మిగిలింది. ఇరుకే, కానీ సరిపోయింది. చూశారా, ట్రెయిలర్ కూడా పేలోడ్‌ను తింటుంది. లాగే సామర్థ్యం 9,000 ఉన్నా, హాఫ్ టన్ ట్రక్కుల్లో చాలావరకు ముందు అయిపోయేది పేలోడే.

హాఫ్ టన్ ట్రక్ ఉన్నవాళ్ళకు క్యాంపర్ దారి పూర్తిగా మూసుకుపోయిందని కాదు. ఖాళీగా వెయ్యి పౌన్లకు అటూ ఇటూ ఉండే పాప్-అప్ (ఆగాక పైకప్పు పైకి లేపుకునే) క్యాంపర్లున్నాయి. ఇద్దరు మనుషులు, కొంచెం సామాను, మంచి పేలోడ్ ఉన్న ట్రక్ అయితే అవి కుదురుతాయి. గట్టి గోడల క్యాంపర్ అయితే దాని పై తరగతి, ముప్పాతిక టన్ను ట్రక్‌తో లెక్క మొదలుపెట్టండి. స్లయిడ్ అవుట్లు (ఆగాక పక్కకు జరిపి గదిని పెంచే భాగాలు) ఉన్నవి ఖాళీగానే 4,000 పౌన్లు దాటగలవు. వాటికి వెనుక నాలుగు చక్రాలుండే ఒక టన్ను డ్యూయలీ కావాలి.

అపోహ: ఎయిర్ బ్యాగులు వేయిస్తే పేలోడ్ పెరుగుతుంది

ఎక్కువమందిని ముంచుతున్న మాట ఇదే. ఎక్కడ పుట్టిందో తెలియదు గానీ, నమ్మినవాళ్ళ సొమ్ము మాత్రం పోతోంది. వెనుక స్ప్రింగుల దగ్గర బిగించే ఎయిర్ బ్యాగులు కుంగిన ట్రక్‌ను పైకి లేపుతాయి, ఊగిసలాట తగ్గిస్తాయి. అంతే. యాక్సిల్, బేరింగులు, బ్రేకులు, ఫ్రేమ్, చక్రాలు పాతవే. ట్రక్ తయారుచేసినవారు ఇచ్చిన జీవీడబ్ల్యూఆర్, అంటే సామానుతో సహా బండి మొత్తం తూగదగిన గరిష్ఠ బరువు, డ్రైవర్ తలుపు దగ్గరి లేబుల్ మీద ఉన్నదే, బోల్టులు బిగించినందువల్ల అది మారదు. ఎక్కువ బరువు మోసే టైర్లు వేయించినా అంతే. టైరు ఒక్కటి బలపడినంత మాత్రాన మిగతావి బలపడవు.

ఒక జంట మా దగ్గరకు వచ్చారు. స్టీరింగ్ తేలిపోతున్నట్లుంది, గాలి వీస్తే భయమేస్తోంది, చూడండి అన్నారు. హాఫ్ టన్ ట్రక్, దాని మీద గట్టి గోడల క్యాంపర్. చూడటానికి బండి సమంగా, అందంగా నిలబడి ఉంది, ఎందుకంటే కొన్నచోటే ఎయిర్ బ్యాగులు కూడా వేసి పంపారు. వెనుక టైర్ల పక్కగోడలు మాత్రం ఉబ్బి కనిపించాయి. దగ్గర్లోని ట్రక్ స్టాపుకు పంపి కాటా వేయించాను. వెనుక యాక్సిల్ లేబుల్ మీది హద్దును వందల పౌన్లు దాటింది. ఆవిడ చీటీ చేతిలో పట్టుకుని "అమ్మినాయన ఇది సరిపోతుందనే చెప్పాడండీ" అన్నారు. పిల్లల్ని ఎక్కించుకుని కొండదారుల్లో తిరిగి వచ్చామన్నది ఆమెను పట్టుకున్న భయం. చివరికి క్యాంపర్‌ను నష్టానికి అమ్ముకుని, అదే ట్రక్‌కు సరిపడే చిన్న ట్రెయిలర్ తీసుకున్నారు. కొనకముందు స్టిక్కర్ ఫోటో ఒక్కటి ఎవరైనా చూసి ఉంటే ఆ డబ్బు వాళ్ళ దగ్గరే ఉండేది.

అందుకే ఎవరు అడిగినా ముందు కాటా వేయించమంటాను. ట్రక్ స్టాపుల్లోని కాటా ముందు యాక్సిల్, వెనుక యాక్సిల్, ట్రెయిలర్ యాక్సిళ్ళ బరువులు విడివిడిగా చూపుతుంది. కొనకముందే ఇంధనం నింపి, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఉత్త ట్రక్‌ను తూకం వేయించండి. వెనుక యాక్సిల్ మీద వచ్చిన బరువును లేబుల్‌లోని యాక్సిల్ హద్దులోంచి తీసేస్తే ఇంకెంత చోటుందో తెలిసిపోతుంది.

క్యాంపర్ తీసుకునేవాళ్ళు ఇంకొకటి కూడా చూడాలి. బరువెంత అన్నది సగమే, ఆ బరువు ఎక్కడ పడుతోందన్నది మిగతా సగం. క్యాంపర్ గరిమనాభి, అంటే దాని బరువుకు కేంద్రమైన చోటు, వెనుక యాక్సిల్‌కు కాస్త ముందు పడాలి. పొడుగు బెడ్ కోసం చేసిన క్యాంపర్‌ను పొట్టి బెడ్‌లో పెడితే గరిమనాభి యాక్సిల్ వెనక్కు జరుగుతుంది, ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగ్ పట్టు తప్పుతుంది. గరిమనాభి ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉండవచ్చో ట్రక్ తయారీదారు చెప్పాలని ఫెడరల్ నిబంధన ఉంది. కొన్ని ట్రక్కుల మాన్యువల్‌లో క్యాంపర్ అసలు పెట్టవద్దనే రాసి ఉంటుంది. ఆ వాక్యం కనిపిస్తే ఇక వాదన అక్కరలేదు.

అపోహ: ట్రెయిలర్ ఊగుతుంది, క్యాంపర్ ఊగదు

ట్రెయిలర్ ఊగడం దాని తలరాత కాదు. చాలాసార్లు కారణం సామాను సర్దుబాటులో ఉంటుంది. వెనుక బంపరు మీద సైకిళ్ళు, వెనుక పడకగదిలో బరువైన పెట్టెలు, వెనుక ట్యాంకులో నీళ్ళు చేరితే టంగ్ వెయిట్ పడిపోతుంది. పది శాతం కిందికి వచ్చిందంటే పెద్ద లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు తోక ఊపడం మొదలవుతుంది. ఇక అమ్మేస్తామని వచ్చిన ఒక కుటుంబానికి మేము చేసిందల్లా సైకిళ్ళు ట్రక్ బెడ్‌లోకి మార్చి, సామాను యాక్సిల్‌కు ముందుకు జరిపి, టైర్లలో గాలి సరిచేయడమే. ఇప్పటికీ అదే ట్రెయిలర్ వాడుతున్నారు.

ఎప్పుడైనా ఊపు మొదలైతే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి. స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకోండి, అటూ ఇటూ తిప్పి సరిచేయబోవద్దు. బ్రేక్ కంట్రోలర్‌తో (డ్రైవర్ దగ్గర ఉండే ట్రెయిలర్ బ్రేకు మీట) ట్రెయిలర్ బ్రేకును మాత్రమే చేత్తో మెల్లగా వేయండి. ట్రక్ బ్రేకు గట్టిగా తొక్కవద్దు. వేగం పెంచితే సర్దుకుంటుందని చెప్పేవాళ్ళను నమ్మవద్దు, ఊపు పెరిగేదే వేగంతో.

క్యాంపర్ తోక ఊపదు, నిజమే. కానీ బరువు ఎత్తున ఉంటుంది కనుక మలుపుల్లో పక్కకు ఒరుగుతుంది. దానికి దాని జాగ్రత్త ఉండాలి.

అపోహ: చిన్న ప్రయాణం అంటే క్యాంపరే

ప్రయాణం ఎన్ని రోజులన్నది కాదు, రోజూ చోటు మారుతారా లేదా అన్నది ముఖ్యం. శుక్రవారం ఒక చోట, శనివారం ఇంకో చోట పడుకునేవాళ్ళకు క్యాంపర్‌ను మించినది లేదు. ఆపడం, కింద చెక్కలు పెట్టి సమం చేయడం, పడుకోవడం. వెనుక పడవ కట్టుకుని వెళ్ళవచ్చు. చీకటి పడ్డాక చేరినా కంగారుండదు. రెండు రాత్రులూ ఒకే చోట ఉండి పగలంతా తిరిగేవాళ్ళకు మాత్రం అదే క్యాంపర్ చిరాకు పెడుతుంది. పొద్దున్నే కాలిబాట దాకా వెళ్ళాలన్నా, పాల ప్యాకెట్ తేవాలన్నా ఇల్లంతా సర్దుకుని కదలాలి. జాకుల మీద దింపవచ్చు కదా అంటారు. దింపవచ్చు, కానీ నేల చదునుగా ఉండాలి, ఎక్కించేటప్పుడు ఓపిక కావాలి, కొన్ని చోట్ల దింపనివ్వరు కూడా. ట్రెయిలర్ అయితే అలవాటయ్యాక అరగంటలో విప్పి, ట్రక్ తీసుకుని మీ దారిన మీరు వెళ్ళవచ్చు.

పడుకునేది ఎవరన్నది కూడా చూడండి. క్యాంపర్‌లో పెద్ద పడక క్యాబ్ మీద ఉంటుంది, ఎక్కి పాకాలి. గుమ్మం కూడా ఎత్తే. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చే ఆరు నెలలే మీరు ఎక్కువగా తిరిగే కాలమైతే, రాత్రి రెండుసార్లు లేచే పెద్దవాళ్ళు ఆ మెట్లు దిగగలరా అని ముందు ఆలోచించండి.

క్యాంపర్ ఎక్కడికైనా పోతుందన్న మాట కూడా సగమే నిజం. మోంటానాలోని గ్లేషియర్ నేషనల్ పార్కులో గోయింగ్-టు-ది-సన్ రోడ్డు మీద, అవలాంచ్ క్యాంప్‌గ్రౌండ్‌కూ రైజింగ్ సన్‌కూ మధ్య 21 అడుగుల పొడవు, అద్దాలతో కలిపి 8 అడుగుల వెడల్పు దాటిన బండిని రానివ్వరు. క్రూ క్యాబ్, ఎనిమిదడుగుల బెడ్ ఉన్న ట్రక్ ఒక్కటే 21 అడుగులు దాటిపోతుంది. డ్యూయలీ వెడల్పులోనే ఆగిపోతుంది. ట్రెయిలర్ ఉన్నవాళ్ళు దాన్ని క్యాంపులో వదిలి, ఉత్త పికప్ హద్దులో ఉంటే అదే దారిలో తిరిగి రావచ్చు. ఎత్తు కూడా కొలిచి, ఏసీతో సహా, డ్యాష్‌బోర్డు మీద రాసి అంటించండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. క్యాంపర్‌కు చాలా రాష్ట్రాల్లో నంబర్ ప్లేట్ అక్కరలేదు, దాన్ని సరుకుగానే లెక్కిస్తారు. అలాగని ట్రక్ బీమాలో అది తనంతట తానే చేరిపోతుందనుకోవద్దు, అడిగి రాయించండి. కాలిఫోర్నియాలో ఏది లాగుతున్నా వేగం 55 మైళ్ళు దాటకూడదు. కదులుతున్న ట్రెయిలర్‌లో మనుషులు కూర్చోవడం చాలా రాష్ట్రాల్లో నేరం. క్యాంపర్‌లో కొన్ని రాష్ట్రాలు ఒప్పుకున్నా మీ పిల్లల్ని సీటు బెల్టు ఉన్న చోటే కూర్చోబెట్టండి. ట్రెయిలర్ టైర్లు గీతలు అరగకముందే వయసు మీద పడి పగులుతాయి. పక్కగోడ మీద చివరి నాలుగు అంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం. చక్రాల బేరింగులకు ఏడాదికోసారి లేదా 12,000 మైళ్ళకోసారి గ్రీజు పట్టించండి.

చివరగా, చాలామంది బయటికి చెప్పని కారణం. ట్రెయిలర్‌ను వెనక్కు నడపడానికి భయపడి, ట్రక్ మోయలేని క్యాంపర్ కొనేవాళ్ళున్నారు. ఆ భయం సహజం, కానీ దాని కోసం అంత మూల్యం చెల్లించనక్కరలేదు. ఆదివారం పొద్దున ఖాళీగా ఉండే పెద్ద పార్కింగ్ స్థలానికి వెళ్ళండి. చేతిని స్టీరింగ్ అడుగున పట్టుకోండి. చెయ్యి ఎడమకు జరిపితే ట్రెయిలర్ వెనుక భాగం ఎడమకు, కుడికి జరిపితే కుడికి వెళ్తుంది. కొంచెమే తిప్పండి, మెల్లగా కదలండి, మెలిక పడబోతుంటే ముందుకు లాగి మళ్ళీ మొదలుపెట్టండి. ఎన్నిసార్లయినా దిగి చూసుకోండి, ఎవరికీ తొందర లేదు. వెనుక నిలబడి దారి చూపే మనిషి అద్దంలో కనిపించకుండా పోతే ఆ క్షణమే బండి ఆపేయండి.