యూరియా ఎందుకింత చవక, నేల ఎందుకింత నీరసం

45 కిలోల యూరియా బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. అదే దుకాణంలో పక్కన పేర్చిన 50 కిలోల డీఏపీ (నత్రజని, భాస్వరం కలిసిన ఎరువు) బస్తా 1,350. పొటాష్ అయితే 1,500 పైమాటే. పంటకు మూడూ కావాలి. కానీ జేబులో ఉన్న డబ్బుకు ఏది ఎక్కువ వస్తుందో రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు.

2025 వానాకాలంలో తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో సొసైటీల ముందు తెల్లవారకముందే కట్టిన క్యూలు అందరం చూశాం. మనిషి నిలబడలేక చెప్పులు పెట్టి వెళ్లిన వరుసలు, పాసు పుస్తకాల జిరాక్సులు, వానలో తడుస్తూ ఆడవాళ్లు. చైనా నుంచి సరుకు రాకపోవడం, రామగుండం ప్లాంటు ఆగుతూ నడవడం, మొక్కజొన్న సాగు పెరగడం, ఇవన్నీ ఆ ఏడాది చెప్పుకున్న కారణాలు. నిజమే. కానీ ఒక్క ఎరువు కోసం ఇంతమంది ఇంతగా ఎదురుచూసే పరిస్థితి ఒక్క ఏడాదిలో వచ్చింది కాదు. దాని వెనుక నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

యూరియా పైరుకు అందించేది నత్రజని. గాలిలో 78 శాతం అదే. అయినా వరి మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. గాలిలోని నత్రజని పరమాణువులు జంటలుగా, విడదీయరానంత గట్టిగా పెనవేసుకుని ఉంటాయి. కంది, పెసర, వేరుశనగ లాంటి పైర్ల వేరుబుడిపెల్లో ఉండే బాక్టీరియా మాత్రం ఆ జంటను విడదీసి మొక్కకు అందిస్తుంది. ఈ రసాయనం తెలియకపోయినా మన పెద్దవాళ్లకు దాని ఫలితం తెలుసు. వరికి ముందు జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి, పూతకొచ్చే వేళ దమ్ములో తొక్కించేవాళ్లు. ఎండాకాలంలో చేలో గొర్రెల మంద కట్టించి, కాపరికి గింజలు కొలిచేవాళ్లు. చెరువు ఎండితే బండ్లు కట్టి పూడిక మట్టి తోలేవాళ్లు. ఆ కాలాన్ని బంగారు కాలమని నేను అనను. అప్పటి దిగుబడులతో పెరుగుతున్న జనాభాకు తిండి చాలలేదు. అక్కుళ్లు, మొలగొలుకులు లాంటి పొడుగు వరి రకాలకు ఎరువు కాస్త ఎక్కువైతే ఏపుగా పెరిగి, వెన్ను బరువుకు నేలకు ఒరిగిపోయేవి. అంటే ఎరువు దొరికినా దాన్ని మోసే పైరు లేదు.

గాలిలోని నత్రజనిని ఫ్యాక్టరీలో పట్టుకుని అమోనియాగా మార్చే పద్ధతిని 1909లో జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ ప్రయోగశాలలో చేసి చూపించాడు. కార్ల్ బాష్ దాన్ని పెద్ద ఎత్తున పనిచేయించాడు. 1913లో ఒప్పావ్‌లో తొలి ప్లాంటు మొదలైంది. మరుసటి ఏడాదే ప్రపంచ యుద్ధం రావడంతో ఆ అమోనియాలో చాలా భాగం మందుగుండుకు పోయింది. పొలాలకు దాని పూర్తి బలం చేరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. మన దేశంలో 1951లో సింద్రీ ఫ్యాక్టరీ అమోనియం సల్ఫేట్ తయారుచేయడం మొదలుపెట్టింది. అందులో నత్రజని 21 శాతమే, కానీ దానితో పాటు గంధకం కూడా నేలకు చేరేది. తర్వాత వచ్చిన యూరియాలో నత్రజని 46 శాతం. రవాణా ఖర్చు తక్కువ, చల్లడం తేలిక. ఆ మార్పులో గంధకం మన పొలాల నుంచి చడీచప్పుడు లేకుండా తప్పుకుంది.

తెలుగు నేల మీద ఈ కథకు చిరునామా పశ్చిమ గోదావరి. 1960-61లో దేశంలో తొలి విడతగా ఏడు జిల్లాల్లో సాంద్ర వ్యవసాయ పథకం పెట్టారు. పంజాబ్‌లో లూధియానా, తమిళనాట తంజావూరుతో పాటు మన దగ్గర పశ్చిమ గోదావరిని ఎంచుకున్నారు. విత్తనం, ఎరువు, అప్పు, సలహా అన్నీ ఒకేసారి అందించడం దాని ఉద్దేశం. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ నుంచి ఐఆర్8 వచ్చింది. ఆ మరుసటి ఏడాది ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు దాన్ని తన పొలంలో వేశారు. ఆ రకం ఊరూరా పాకడానికి ఆయన పడ్డ శ్రమకు ‘మిస్టర్ ఐఆర్8’ అనే పేరు వచ్చింది. ఐఆర్8 పొట్టి రకం, కాండం గట్టిది. ఎరువు ఎక్కువ వేసినా అంత తేలిగ్గా పడిపోదు. ఇన్నాళ్లూ యూరియాకు అడ్డుపడ్డ సమస్య అలా తీరింది.

మన రైతులు ఎరువును ‘మందు’ అంటారు. యూరియా విషయంలో ఆ మాట ఎందుకు అతికిందో తెలియాలంటే, నాటు వేసి ఇరవై రోజులైన చేను చూడాలి. పైరు పసుపు తిరిగి, నిలదొక్కుకోలేక ఉంటుంది. నడుముకు తువ్వాలుతో బేసిన్ కట్టుకుని, మోకాలి లోతు బురదలో అడుగులో అడుగు వేస్తూ ఒక మనిషి గుప్పెడు గుప్పెడు చల్లుకుంటూ పోతాడు. తెల్లటి గుళికలు నీళ్లలో పడ్డ నిమిషాల్లో కరిగిపోతాయి. నాలుగైదు రోజులకు అదే మడి కళ్లు తిప్పుకోనివ్వని పచ్చదనంతో నిలబడుతుంది. పిలకలు వేస్తుంది. డీఏపీ, పొటాష్, జింకు చేసే మేలు ఇలా కంటికి కనిపించదు. పొటాష్ గింజ బరువులో, తెగులు తట్టుకోవడంలో తెలుస్తుంది. అది కూడా పోల్చి చూసుకుంటేనే. పక్క చేను పచ్చగా ఉండి మనది వెలవెలబోతుంటే వచ్చే టెన్షన్ రైతుకే తెలుసు. ఆ టెన్షన్‌లో ఇంకో అరబస్తా పడుతుంది.

కంటికి కనిపించనిది నీటి అడుగున జరుగుతుంది. నేలలోని యూరియేజ్ అనే ఎంజైమ్ యూరియాను కొద్ది రోజుల్లోనే అమ్మోనియాగా మారుస్తుంది. మధ్యాహ్నం ఎండలో నీటిలోని నాచు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేసుకోవడంతో నీటికి క్షారగుణం పెరుగుతుంది. అప్పుడు అమ్మోనియా గాలిలోకి ఎగిరిపోతుంది. నిలవ నీళ్లలో చల్లితే కొన్నిసార్లు సగం దాకా ఇలా పోయే ప్రమాదం ఉంది. మిగిలినదాంట్లో కొంత నైట్రేట్‌గా మారి భూగర్భ జలంలోకి దిగుతుంది, కొంత బురదలో నైట్రస్ ఆక్సైడ్ వాయువుగా మారుతుంది. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 270 రెట్లు ఎక్కువ. మొత్తం మీద వరికి వేసిన నత్రజనిలో పైరు తీసుకునేది చాలాచోట్ల 30 నుంచి 40 శాతమే. నీళ్లు తీసేసి, పదును మీద చల్లి, ఒకటి రెండు రోజులయ్యాక నీరు పెట్టమని శాస్త్రవేత్తలు చెప్పేది ఇందుకే. కానీ వంతులవారీగా వచ్చే కాలువ నీటిని వదిలేసుకోమని చివరి భూముల రైతుకు చెప్పడం తేలిక కాదు. వదిలిన నీళ్లు మళ్లీ ఎప్పుడొస్తాయో ఎవరూ హామీ ఇవ్వరు.

తాగే నీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. కేంద్ర భూగర్భ జల బోర్డు 2024 నివేదిక ప్రకారం దేశవ్యాప్తంగా తీసిన నమూనాల్లో సుమారు ఐదో వంతు ఆ హద్దు దాటాయి. అందులో మురుగు నీటి పాత్రా ఉంది, తప్పంతా ఎరువు మీదే వేయలేం.

మరి నేల? ‘యూరియా వేస్తే నేల చచ్చిపోతుంది’ అనే మాట ఊళ్లలో తరచూ వింటాం. అందులో సగం నిజం ఉంది, ఆ సగం ఏదో తేల్చుకోవాలి. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1856 నుంచి ఒక గడ్డి మైదానం మీద ఎరువుల ప్రయోగం నడుస్తోంది. అక్కడ ఏటా అమోనియం సల్ఫేట్ వేసి సున్నం వేయని మడుల్లో ఆమ్లగుణం పెరిగి, పీహెచ్ 4 కంటే కిందికి పడిపోయింది. వానపాములు కనిపించకుండా పోయాయి. ఎండిన గడ్డిని కుళ్లబెట్టే జీవాలు తగ్గిపోవడంతో అది కుళ్లకుండా చాపలా పేరుకుంది. యూరియా నుంచి వచ్చే ఆమ్లగుణం ఇంత తీవ్రం కాదు, కానీ దారి అదే. మన నల్లరేగడిలో సున్నం ఉంటుంది కాబట్టి ఆ దెబ్బను చాలా ఏళ్లు కాస్తుంది. ఎర్ర చల్కలకు ఆ బలం లేదు. ఇంకో సంగతి. నత్రజనితో పైరు ఏపుగా పెరిగినకొద్దీ భాస్వరం, పొటాష్, జింకు, గంధకం కూడా నేలలోంచి ఎక్కువగా లాగుతుంది. వాటిని తిరిగి వేయకుండా యూరియా ఒక్కటే వేస్తూ పోతే, కొన్నేళ్లకు అదే యూరియాకు పైరు స్పందించడం మానేస్తుంది. రైతు దానికి మందు చాలలేదని అనుకుంటాడు. మోతాదు పెంచితే ఆకు మెత్తబడి, దుబ్బు గుబురై, సుడిదోమ, పాముపొడ తెగులు చేరతాయి. అప్పుడు పురుగుమందు ఖర్చు మొదలవుతుంది.

ఈ తప్పును రైతు మీద మోపడం అన్యాయమని నా గట్టి నమ్మకం. ఆ దారి వేసింది ధరల విధానం. 1977లో కేంద్రం ఫ్యాక్టరీలకు ఖర్చును బట్టి డబ్బు చెల్లించి, రైతుకు తక్కువ ధరకు అమ్మించే పద్ధతి తెచ్చింది. 1991 ఆర్థిక సంక్షోభంలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం ఎరువుల ధరలు పెంచితే పార్లమెంటులో గగ్గోలు రేగింది, కొంత తగ్గించాల్సి వచ్చింది. 1992 ఆగస్టులో అసలు నిర్ణయం జరిగింది. భాస్వరం, పొటాష్ ఎరువుల ధరల మీద నియంత్రణ ఎత్తేశారు. యూరియాను నియంత్రణలోనే ఉంచి, పైగా దాని ధర 10 శాతం తగ్గించారు. దేశంలో నత్రజని, భాస్వరం, పొటాష్ వాడకం 4:2:1 పాళ్లలో ఉండటం మేలని లెక్క. 1991-92లో 5.9:2.4:1గా ఉన్నది 1993-94కల్లా 9.7:2.9:1కి చేరింది. నేలలో మార్పు రావడానికి దశాబ్దాలు పడితే, దుకాణంలో మార్పు రావడానికి రెండేళ్లు పట్టలేదు. 2010లో పోషకాలను బట్టి సబ్సిడీ ఇచ్చే విధానం వచ్చినప్పుడు కూడా యూరియాను బయటే ఉంచారు. పన్నులు, వేపనూనె పూత ఖర్చు కాకుండా టన్నుకు 5,360 రూపాయలని 2012లో పెట్టిన ధరే నేటికీ నడుస్తోంది. 2022లో అంతర్జాతీయ ధరలు మండిపోయినప్పుడు దిగుమతి చేసుకున్న బస్తా ఖరీదు రెండు వేలు దాటినా, రైతు కట్టింది అదే 266.50.

సర్దుబాట్లు జరగలేదని కాదు. 2015లో యూరియా మొత్తానికి వేపనూనె పూత తప్పనిసరి చేశారు. నత్రజని నెమ్మదిగా విడుదలవుతుంది, వేరే సరుకులు చేసే ఫ్యాక్టరీలకు దొంగచాటుగా తరలించడమూ కష్టమవుతుంది. 2018లో బస్తాను 50 కిలోల నుంచి 45కి తగ్గించారు. రైతు బస్తాల లెక్కన చల్లుతాడు కాబట్టి వాడకం తగ్గుతుందన్నది ఆశ. 2021లో నానో యూరియా సీసాలు వచ్చాయి. 4 శాతం నత్రజనితో వచ్చిన ఆ అరలీటరు సీసాలో ఉన్నది 20 గ్రాములు, బస్తాలో ఉన్నది 20 కిలోల 700 గ్రాములు. ఆకు మీద పిచికారీ ఎంత సమర్థంగా పనిచేసినా, ఒకదాని బదులు ఇంకొకటి అన్న మాట నాకు మింగుడుపడలేదు. వీటన్నింటికంటే నాకు నమ్మకం కలిగించేది మన దగ్గరే పుట్టిన ఒక వంగడం. పశ్చిమ గోదావరిలోని మార్టేరు కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ తక్కువ నత్రజనితోనూ మంచి దిగుబడి ఇస్తుంది. దేశంలో చాలా రాష్ట్రాలు దాన్ని ఆదరించడానికి ఆ గుణమూ ఒక కారణం.

తెలంగాణలో వరికి ఎకరాకు 40 నుంచి 48 కిలోల నత్రజని సిఫారసు చేస్తారు. అడుగు మందుగా ఒక బస్తా డీఏపీ వేస్తే అందులోంచే 9 కిలోలు వస్తుంది. 48 కిలోల లెక్కనే చూసినా, మిగిలిన 39 కిలోలకు రెండు బస్తాల యూరియా సరిపోతుంది. జీలుగ దున్నిన చేనుకు ఇంకా తగ్గించుకోవచ్చు. ఈ లెక్క చాలామంది రైతులకు తెలుసు. కానీ మన రెండు రాష్ట్రాల్లో వరి చేసేవాళ్లలో కౌలు రైతులు ఎంతోమంది. కౌలు ఏడాదికే, అదీ చాలాచోట్ల నోటి మాట మీద. పాసు పుస్తకం భూమి యజమాని పేరు మీద ఉంటుంది కాబట్టి క్యూలో వాళ్లది చివరి చోటు. తొలకరికి ముందు జీలుగ విత్తనం కొని చల్లి, నెలన్నర ఆగి దున్నితే, నేలకు అందే సత్తువలో కొంత వచ్చే ఏళ్లకు మిగులుతుంది. వచ్చే ఏడాది ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషి దుకాణానికి వెళ్లి, 266 రూపాయల 50 పైసలు లెక్కపెట్టి ఇస్తాడు.