మందు తీసే ముందు లేబుల్ చదవండి

చిరంజీవులకు పెద్దమ్మ ఆశీస్సులు.

నర్సింగ్ పూర్తిచేసి రాయగడ, గుణుపురం ఆసుపత్రుల్లో అడుగుపెడుతున్నారు. నొప్పి మందుల పేర్లు మీకు కంఠతా వచ్చు. పొరపాట్లు ఎక్కువగా మోతాదు లెక్క దగ్గరే జరుగుతాయి, అందుకే ఈ ఉత్తరం.

పారాసెటమాల్ పిల్లలకు ఒక్కో మోతాదు కిలోకు 10–15 మిల్లీగ్రాములు. పది కిలోల బిడ్డకు 150 మి.గ్రా. రాశారనుకోండి. 5 మి.లీ.లో 125 ఉండే సిరప్ అయితే 6 మి.లీ., 250 ఉండేదైతే 3. చుక్కల మందులో మాత్రం ఒక్క మి.లీ.లోనే 100 ఉంటుంది, ఒకటిన్నర చాలు. సిరప్ లెక్కన చుక్కల మందు 6 మి.లీ. పోస్తే 600 లోపలికి పోతుంది. రోజంతా అలాగే పోస్తే కాలేయం దెబ్బతింటుంది. మొదటి రోజు బిడ్డ బాగానే కనబడుతుంది, అదే మోసం. తల్లికి ‘ఒక చెంచా’ అని చెప్పకండి, ఇంటికో సైజు చెంచా ఉంటుంది. ఆమె మాట్లాడేది కువి అయినా ఒడియా అయినా, కొలత మూతలో గీత చూపించి, ఆమె చేతే పోయించండి.

డైక్లోఫెనాక్ సూది వేసేముందు కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఉబ్బసం ఉన్నాయా అని అడగండి. డెంగీ అనుమానం ఉంటే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ ఏదీ వద్దు. రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

ఇక తీవ్రమైన నొప్పికిచ్చే మార్ఫిన్. మన వైపు సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉన్నవాళ్లు నొప్పితో విలవిల్లాడుతూ వస్తారు. వాళ్లు చెప్పిన నొప్పిని నమ్మండి. మందుకు అలవాటుపడి నటిస్తున్నారని గుసగుసలాడటం నాకు నచ్చదు. డాక్టరు రాశాక ఆంపూల్ (మందున్న చిన్న గాజు గొట్టం) మీద చదవండి: 10 మి.గ్రా. ఉంటుంది, 15 కూడా ఉంటుంది. 10 మి.గ్రా.ను సెలైన్‌తో 10 మి.లీ. చేస్తే మి.లీ.కి ఒకటి. 15 ఆంపూల్‌నూ అలాగే 10 మి.లీ. చేస్తే మి.లీ.కి ఒకటిన్నర అవుతుంది, ప్రతి మోతాదులోనూ సగం అదనంగా పోతుంది. కలిపిన సిరంజికి వెంటనే లేబుల్ అంటించండి.

ఇది మత్తుమందులను అదుపుచేసే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వచ్చే మందు. తాళం వేసిన బీరువాలోనే ఉండాలి. తీసినప్పుడల్లా రిజిస్టరులో నిల్వ రాయాలి. మిగిలింది ఇంకో నర్సు కళ్లెదుటే పారబోసి, ఇద్దరూ అప్పుడే సంతకం పెట్టాలి. ‘తర్వాత పెడతాలే’ అంటే ఒప్పుకోకండి.

ఇచ్చే ముందు నిండా ఒక నిమిషం శ్వాస లెక్కపెట్టండి. పెద్దవాళ్లలో 12కు తగ్గినా, రోగి మగతగా ఉన్నా మందు ఆపి డాక్టరును పిలవండి. మార్ఫిన్‌కు విరుగుడైన నాలోక్సోన్ చేతికందేలా ఉంచుకోండి. దాని పని అరగంట నుంచి గంటన్నరలో అయిపోతుంది, మార్ఫిన్ ఇంకా ఒంట్లోనే ఉంటుంది. రోగి లేచి మాట్లాడాడని మంచం వదిలి వెళ్లకండి, శ్వాస మళ్లీ మందగిస్తుంది.

మీ పెద్దమ్మ