పుల్‌టాబ్ డబ్బులో ఊరికి పదో వంతు

అమెరికాలోని మిన్నెసోటాలో చాలా బార్లలో ఒక మూల చిన్న అట్ట టికెట్లు అమ్ముతుంటారు. మడత చింపితే బొమ్మలు కనిపిస్తాయి, అవి కలిస్తే బహుమతి. వీటినే పుల్‌టాబ్‌లంటారు. లాటరీకి దగ్గరి చుట్టమే గానీ, ఒక పెట్టెలో టికెట్లెన్ని, బహుమతులెన్ని అన్నది ముందే ఖరారై ఉంటుంది. ఆట బారుది కాదు, బారుకు ముట్టేది అద్దె. నడిపేది లైసెన్సున్న లాభాపేక్ష లేని సంస్థ: మాజీ సైనికుల సంఘమో, పిల్లల హాకీ క్లబ్బో.

ఆ రాష్ట్రం 1945లో బింగోకు, అంటే మన తంబోలా లాంటి అంకెల ఆటకు, ఒప్పుకుంది. 1981లో పుల్‌టాబ్‌లు చట్టబద్ధమయ్యాక చేతులు మారే నగదు పెరిగింది. 1984లో రాష్ట్ర జూద నియంత్రణ బోర్డుకు చట్టం చేశారు. లైసెన్సు ఇచ్చేది బోర్డే అయినా, ఫలానా బారులో ఆట పెట్టాలంటే స్థానిక కౌన్సిల్ తీర్మానం ఉండాల్సిందే. ఊరి చేతిలో ఉన్న అసలు పగ్గం అదే.

డబ్బు విషయంలో చట్టం ఊరికి మూడు వెసులుబాట్లు ఇచ్చింది. సంస్థ నికర లాభంలో ఏటా 10 శాతాన్ని ఊరు నిర్వహించే నిధికి కట్టించుకోవచ్చు. బహుమతులు పోగా మిగిలినదానిపై 3 శాతం దాకా స్థానిక పన్ను వేయొచ్చు. సంస్థ తన దానధర్మాల ఖర్చును, అంతా గానీ కొంత గానీ, ఊరు గీసిన పరిధిలోనే చేయాలనీ షరతు పెట్టొచ్చు. అయితే ఆ పరిధిలో చుట్టూ ఆనుకుని ఉన్న ఊళ్లన్నిటినీ చేర్చాలి.

పదో వంతు అనగానే పెద్ద మొత్తం అనిపిస్తుంది. ఒక లెక్క వేసి చూద్దాం. లక్ష డాలర్ల టికెట్లు అమ్మి 85 వేలు బహుమతులుగా ఇచ్చారనుకుందాం. మిగిలింది 15 వేలు. అందులో పన్నులు, జీతాలు, అద్దె, టికెట్ల ఖరీదు కలిపి 9 వేలు పోతే నికర లాభం 6 వేలు, ఊరి నిధికి 600. ఖర్చులు 12 వేలకు చేరితే అదే అమ్మకం మీద 300 మాత్రమే వస్తుంది. 3 శాతం పన్ను మాత్రం రెండు సందర్భాల్లోనూ 450. ఖర్చులన్నీ పోయాక వరుసలో చివర నిలబడ్డ పది శాతం నిధికి దక్కేది ఇంతే. అందుకే పోయినేటి రాబడి చూసి వచ్చే ఏటికి మాట ఇచ్చే కౌన్సిళ్లు ఇరుకున పడతాయి.

ఈ రెండు డబ్బులనూ ఒకే ఖాతాలో కలపడం ఇంకో పొరపాటు. పన్ను డబ్బు ఆటల నియంత్రణ ఖర్చుకే వాడాలి. పది శాతం నిధిని దాతృత్వ సాయాలకు, లేదా పోలీసు, అగ్నిమాపక, అత్యవసర సేవలకు, వాటి పరికరాలకు, శిక్షణకు ఖర్చు చేయొచ్చు. పింఛన్ల బకాయిలకు మళ్లించకూడదు. నిధిని నడిపే గుమాస్తా ఖర్చు కూడా అందులోంచి తీయడానికి వీల్లేదు, అది ఊరే భరించాలి. కిందటి క్యాలెండర్ ఏడాది రాబడి, ఖర్చుల నివేదిక మార్చి 15కల్లా బోర్డుకు చేరాలి. ఊరి ఆర్థిక సంవత్సరం ఏదైనా ఆ తేదీ మారదు.

నా లెక్కలో మూడో వెసులుబాటే బలమైనది. పై ఉదాహరణలో నిధికి 600 పోయాక సంస్థ దగ్గర ఇంకా 5,400 ఉంటాయి. అవి ఎవరికివ్వాలో చెప్పే వీలు కౌన్సిల్‌కు లేదు గానీ, ఎక్కడ ఖర్చు కావాలో చెప్పగలదు.

2012లో ఎలక్ట్రానిక్ పుల్‌టాబ్‌లను, అంటే అట్ట టికెట్ బదులు తెర మీద ఆడేవాటిని, అనుమతించింది వైకింగ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు స్టేడియంలో రాష్ట్రం వాటా అప్పు తీర్చడానికి. మొదట్లో రాబడి అంచనాలకు చాలా దూరంలో ఆగిపోయింది. తర్వాత పుంజుకుని, 2023లో ఆ అప్పు గడువుకు ముందే తీరింది. అదే ఏడాది చేసిన చట్టం, ఎలక్ట్రానిక్ ఆటలో ఒక్క నొక్కుతో గళ్లన్నీ తెరిచే సదుపాయాన్ని 2025 జనవరి నుంచి తీసేయమంది. బడ్జెట్ వేసే ఊళ్లు ఇలాంటి మార్పులను కూడా లెక్కలోకి తీసుకోవాల్సి వస్తోంది.