మౌంట్ రోడ్డు పెద్దంగడి: స్పెన్సర్స్ ఎందుకు నిలవలేదు

2024లో స్పెన్సర్స్ రిటైల్ సంస్థ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల నుంచి తప్పుకుంది. నష్టాలు తెచ్చే దుకాణాలను వదిలించుకోవడంలో భాగమన్నారు గనుక ఆ వార్త వాణిజ్య పుటల్లో ఒక మూల కనిపించి మరుగున పడింది. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో డెబ్బై దాటిన వారికి మాత్రం ఆ పేరు వినగానే తలపుకు వచ్చేది బుట్ట చేతబట్టుకొని తిరిగే సూపర్ మార్కెట్టు కాదు, చెన్నపట్నం మౌంట్ రోడ్డు మీది ఎర్ర భవనం. అది ఏమైందని అడిగితే కాలిపోయిందంటారు. కాలిపోయిన మాట నిజమే గానీ, అంగడి పడిపోవడం నిప్పుతో మొదలు కాలేదు.

1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించే దాకా మద్రాసులో భాగం. హైకోర్టులో అప్పీలు వేయాలన్నా, సచివాలయంలో కాగితం కదిలించాలన్నా, పెద్దాసుపత్రిలో చూపించుకోవాలన్నా రేణిగుంట, అరక్కోణం మీదుగా రైలెక్కి పట్నం పోవలసిందే. ఆ పనులు ముగిశాక చైనా బజారులో బేరమాడి సరుకు కొనుక్కొని, మౌంట్ రోడ్డును చూసి రావడం ఆనవాయితీ. చూసి రావడమే తప్ప కొనడం అరుదు. జమీందారులకు, పెద్ద వకీళ్లకు మినహా స్పెన్సర్స్ లోపలికి అడుగుపెట్టే ధైర్యం మనవారిలో ఎక్కువ మందికి ఉండేది కాదు.

ఆ అంగడికి మూలం 1863లో మద్రాసులో చార్లెస్ డ్యూరాంట్, జె.డబ్ల్యు. స్పెన్సర్ కలిసి నడిపిన చిన్న వ్యాపారం. పెట్టినవారు తప్పుకున్నా పేరు నిలిచింది. దాన్ని పెద్దది చేసిన ఘనత మాత్రం తరువాత చేపట్టిన యూజీన్ ఓక్‌షాట్‌ది. 1895 నాటికి స్పెన్సర్స్‌లో ఎనభైకి పైగా విభాగాలు ఉండేవి. డబ్ల్యు.ఎన్. పాగ్సన్ రూపొందించిన, దేశీ, పాశ్చాత్య కట్టడ రీతులు కలిసిన ఇండో-సారసెనిక్ భవనం, లోపల బారులు తీరిన గాజు బీరువాలు, సరుకు మీద ముందే రాసి ఉన్న ధర, బేరానికి ఏమాత్రం తావులేని గుమాస్తా - ఇవన్నీ చూసినవారికి వింతే. గుడ్డలు కొనే అంగడిలో మందులు, మందుల పక్కన సారాయి, దాని పక్కన గుర్రపు జీను దొరకడం ఆనాడు ఊహకు అందని విషయం. కొన్నవారికి అచ్చు రసీదు ఇచ్చేవారు. నమ్మకస్తులైన దొరలకు నెలవారీ ఖాతా ఉండేది. మన అంగళ్లలోనూ ఖాతా ఉంది, కాకపోతే అది శెట్టిగారి ఎర్రట్ట పుస్తకంలోనూ ఆయన జ్ఞాపకంలోనూ ఉంటుంది.

స్పెన్సర్స్ ఒక్క అంగడితో ఆగలేదు. పక్కనే ఉన్న కన్నెమరా హోటలు అప్పట్లో ఆ సంస్థదే. బెంగళూరు, ఉదకమండలం వంటి చోట్ల శాఖలు, దిండిగల్లు చుట్టల వ్యాపారం, ఊరూరా పేరు తెచ్చుకున్న సోడా, దక్షిణాది రైల్వేల్లో భోజనశాలలు, రైలులోనే వడ్డించే భోజన పెట్టెలు, అన్నీ దాని కిందివే. మౌంట్ రోడ్డు గుమ్మం ఎన్నడూ తొక్కని జిల్లావాసులకు ఈ పేరు చేరిందంటే సోడా వల్ల, రైలు వల్లనే గాని అంగడి వల్ల కాదు.

ఇంత విస్తారమైన వ్యాపారం నిలిచింది ఎవరి మీద? కంటోన్మెంటు అధికారి, తోటల యజమాని, కలెక్టరు దొర, వారి కుటుంబాలు, వారిలా బతకాలనుకున్న కొద్దిమంది స్వదేశీయులు. 1947 తరువాత మొదటి వర్గం ఓడలెక్కి వెళ్లిపోయింది. మద్యం అమ్మకం మీద దెబ్బ అంతకు ముందే మొదలైంది: రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టి, మరుసటి ఏడాది అక్టోబరులో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది, 1948లో అది రాష్ట్రమంతటా అమలైంది. విదేశీ మద్యం, డబ్బా ఆహారం, బ్రిటిషు బట్టలు ప్రధానమైన అంగడికి ఇది చిన్న నష్టం కాదు. 1950ల మధ్యలో రైల్వేలు భోజన వసతిని తామే నడపడం మొదలుపెట్టాయి. ఆ దశాబ్దం చివర విదేశీ మారకద్రవ్యానికి కటకట ఏర్పడి దిగుమతులపై ఆంక్షలు బిగుసుకున్నాయి. గాజు బీరువాలు మిగిలాయి గాని వాటిలో పెట్టదగిన సరుకు తగ్గిపోయింది. తరువాతి కాలంలో దిగుమతి సరుకు కావాలనుకున్న పట్నవాసి బర్మా బజారుకు పోయి, బర్మా నుంచి వచ్చిన కాందిశీకుల కొట్ల వద్ద గుట్టుగా కొనుక్కోవడం నేర్చుకున్నాడు.

మౌంట్ రోడ్డు మీద ఈ గతి పట్టింది స్పెన్సర్స్ ఒక్కదానికే కాదు. మరో దొరల అంగడి వైటవే లెయిడ్‌లా భవనం విక్టరీ హౌస్ పేరుతో స్వదేశమిత్రన్ పత్రికా కార్యాలయమై, ఆ తరువాత వాయిదాల పద్ధతిలో వస్తువులు అమ్మే వి.జి.పి. సంస్థ చేతికి పోయింది. అప్పు పుట్టని సామాన్యుడికి నెలనెలా కట్టుకొనే వీలు కల్పించడం కొత్త రకం వ్యాపారం. దొరల ఖాతా అలవాటును అది మధ్యతరగతికి దించింది.

ఆ మధ్యతరగతి కొనుగోళ్లు మాత్రం మౌంట్ రోడ్డు విడిచి త్యాగరాయ నగరానికి (టి.నగర్) మళ్లాయి. 1920లలో ఆ పేట ఏర్పడినప్పుడు మద్రాసు ప్రధానమంత్రిగా ఉన్న పానగల్లు రాజా పానగంటి రామరాయణింగారు శ్రీకాళహస్తి వారు. అక్కడి పానగల్ పార్కు ఆయన పేరిటే ఉంది. మన జిల్లాలో పెండ్లి కుదిరిందంటే చీరలకు టి.నగర్ పోవడం తరువాతి దశాబ్దాల్లో ఆచారమైంది. తెల్లవారుజామున బస్సో రైలో ఎక్కి, రంగనాథన్ వీధి జనసముద్రంలో పిల్లల చేతులు గట్టిగా పట్టుకొని తిరిగి, రాత్రికి మూటలతో తిరుపతి చేరేవారు. అక్కడ తెలుగు మాట్లాడే గుమాస్తా దొరకని జవళి అంగడి తక్కువ. తలుపు దగ్గర నిలబడి చూడడానికి జంకే పరిస్థితి లేదు. లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, ఇరవై చీరలు విప్పి పరుస్తారు. స్పెన్సర్స్ ఓడిపోయింది ఇక్కడేనని నా అభిప్రాయం. కొద్దిమందికి ఎక్కువ లాభంతో అమ్మే అంగడి, చాలామందికి కొద్ది లాభంతో అమ్మే అంగడి ముందు ఎన్నాళ్లో నిలవదు.

1980ల తొలినాళ్లలో మంటలు లేచినప్పుడు భవనం కాలింది గాని, దానిలోని వ్యాపారం అప్పటికే చిక్కిపోయింది. 1989లో గోయెంకాల వ్యాపార సంస్థ ఆర్.పి.జి. స్పెన్సర్స్‌ను కొనుగోలు చేసింది. కాలిపోయిన చోటనే కట్టిన స్పెన్సర్ ప్లాజా 1990లలో తిరుపతి కుర్రవాళ్లకు మళ్లీ చూసి రావలసిన చోటైంది. చల్లని గాలి, కదిలే మెట్లు, వందలాది చిన్న కొట్లు. కానీ ఆ కొట్లను వేర్వేరు వ్యక్తులకు విక్రయించారు. ఎవరికి వారు యజమానులైన చోట నేల మార్చాలన్నా, అంగళ్ల తీరు మార్చాలన్నా అందరూ ఒప్పుకోవాలి. ఒక్కరి చేతిలో ఉన్న భవనానికి ఆ చిక్కు లేదు. 2010లో ఎక్స్‌ప్రెస్ అవెన్యూ, 2013లో ఫీనిక్స్ మార్కెట్ సిటీ తెరుచుకున్నాక ప్లాజాలో రద్దీ పలచబడింది.

పేరును మాత్రం సంస్థ వదులుకోలేదు. 1996లో చెన్నైలో ఫుడ్‌వరల్డ్‌తో సూపర్ మార్కెట్ల వ్యాపారం ప్రారంభించిన ఆర్.పి.జి., భాగస్వామితో విడిపోయాక స్పెన్సర్స్ పేరుతోనే ఆ దారిలో సాగింది. ఈసారి అమ్మవలసింది బియ్యం, పప్పు, సబ్బులు. వాటి మీద మిగిలేది కొద్ది. అద్దె, కరెంటు, జీతాలు పోగా నిలవాలంటే సరుకు వేగంగా అమ్ముడుపోవాలి. తిరుపతి వంటి ఊళ్లో పచారీ అంగడి ఇంటికే సరుకు పంపి నెలాఖరుకు డబ్బు తీసుకుంటుంది, పెద్ద గొలుసు దుకాణాలు టోకున కొని ధర తగ్గిస్తాయి, ఫోనులో నొక్కితే సంచి గుమ్మానికి వస్తుంది. ఈ ముగ్గురి మధ్య, నూట అరవై ఏళ్ల పేరుకు ప్రత్యేకంగా ఒక రూపాయి ఎక్కువ ఇచ్చే గిరాకీ ఇక్కడ దొరకలేదు.