దైవభక్తి పెరిగితే నగరం ఆరోగ్యం బాగుపడుతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నగర ప్రజారోగ్యంలో పనిచేస్తుంటే రెండు మాటలు తరచూ వినబడతాయి. "జనంలో పాపభీతి పోయింది, అందుకే ఈ రోగాలు" అని కొందరు. "మతం పోతేగానీ ఊరు బాగుపడదు" అని ఇంకొందరు. ఇద్దరూ నమ్మకం దగ్గరే ఆగిపోతారు. ఆ నమ్మకం మనుషుల చేత ఏం చేయిస్తోందన్నది మా పనికి కావాల్సిన ప్రశ్న.

అపోహ: భక్తి ఆయుష్షు పెంచుతుంది.

ఇలా అనేవారు ఎక్కువగా చూపించేది 2016లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనాన్ని. 74,534 మంది మహిళా నర్సులను ఏళ్లతరబడి గమనించారు. వారానికి ఒకసారి కంటే ఎక్కువగా ప్రార్థనలకు వెళ్లేవారిలో, అసలు వెళ్లనివారితో పోలిస్తే మరణాలు 33 శాతం తక్కువ. అంకె నిజమే. కానీ వాళ్లు కొలిచింది హాజరును, భక్తిని కాదు. నలుగురి తోడు ఉండటం, పొగతాగే అలవాటు తక్కువగా ఉండటం, దిగులు తక్కువగా ఉండటం, ఈ తేడాలో కొంత వీటి వల్లేనని పరిశోధకులే తేల్చారు. రెండు వారాలు కనబడకపోతే "ఏమైంది?" అని వచ్చి తలుపు తట్టే మనిషి ఉండటం ఎంత పెద్ద మందో, ఒంటరి వృద్ధులను చూసేవాళ్లకు తెలుసు. ఒంట్లో బాగున్నవాళ్లే గుమ్మం దాటగలరన్న సంగతీ మరవకూడదు. ఎన్ని సర్దుబాట్లు చేసినా ఆ చిక్కు లెక్కల్లోంచి పూర్తిగా పోదు.

అపోహ: ధర్మం తెలిసినవాడు సాటిమనిషిని వదిలి వెళ్లడు.

1973లో ప్రచురితమైన, అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో జరిగిన ప్రయోగం చూడండి. క్రైస్తవ మతబోధకులు కావడానికి చదువుతున్న విద్యార్థులను ప్రసంగం పేరుతో మరో భవనానికి పంపారు. దారిలో ఒక మనిషి కూలబడి దగ్గుతూ ఉంటాడు. తొందర లేనివారిలో 63 శాతం మంది సాయపడ్డారు. బాగా ఆలస్యమైందని చెప్పి పంపినవారిలో 10 శాతమే. వారిలో కొందరు మాట్లాడబోయేది బైబిలు కథలో దారిలో పడి ఉన్నవాడిని ఆదుకున్న మంచి సమరయుని గురించే! ఆ అంశం వల్ల చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు.

అపోహ: "ఇది పాపం" అని గట్టిగా చెబితే జబ్బులు తగ్గుతాయి.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. సిగ్గు జబ్బును తగ్గించదు, దాచిపెడుతుంది. హెచ్‌ఐవీలో, క్షయలో, మత్తు అలవాటులో ఇదే కథ. రోగి ఆలస్యంగా వస్తాడు, ఇంట్లోవాళ్లకు చెప్పడు, మధ్యలో మందు ఆపేస్తాడు. మాత్రల పొట్లం మీది పేరు చింపేసి జేబులో పెట్టుకునేవాళ్లను చూశాను.

అలాగని నిషేధాలన్నీ వృథా అననూ లేను. చర్చి సంఘాల ఒత్తిడితో అమెరికాలో 1920 నుంచి 1933 దాకా నడిచిన మద్యనిషేధంలో కాలేయ వ్యాధి మరణాలు తగ్గాయి. ప్రజారోగ్యం వైపు నుంచి ఇది చిన్న విషయం కాదు. అదే కాలంలో తాగడానికి పనికిరాకుండా విషం కలిపిన పారిశ్రామిక ఆల్కహాలు తాగి జనం చూపు పోగొట్టుకున్నారు, చచ్చిపోయారు. 1930లో మందు పేరుతో అమ్మిన కల్తీ అల్లం సారం తాగి వేలమందికి కాళ్లు చచ్చుబడ్డాయి. మంచీ చెడూ రెండూ ఆ చట్టం ఖాతాలోవే.

అపోహ: మతం లేకపోతే అరాచకమే.

డెన్మార్క్, ఫిన్లాండ్‌లలో ప్రార్థనలకు వెళ్లేవారు బాగా తక్కువ, జీవన సంతృప్తి ఎక్కువ. అంతమాత్రాన నాస్తికత్వం వల్లే అనకండి. అక్కడ బలమైన ప్రభుత్వ సేవలు ఉన్నాయి.

అపోహ: మతపెద్దలు ఎప్పుడూ వైద్యానికి అడ్డే.

2003లో నైజీరియాలోని కానో రాష్ట్రం పోలియో చుక్కలు ఆపేసింది. వాటిలో సంతానం కలగకుండా చేసే మందు ఉందని మత, రాజకీయ నాయకులు కొందరు అనుమానం లేపారు. పోలియో వదిలించుకున్న దేశాలకూ అక్కడి వైరస్ పాకింది. 2004లో చుక్కలు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి టీకా ముస్లింలు అధికంగా ఉన్న ఇండోనేషియా నుంచి తెప్పించారు. శాస్త్రం మారలేదు, నమ్మకం ఎక్కడ నిలబడుతుందో అది మారింది.

పశ్చిమ ఆఫ్రికా ఎబోలా కాలంలోనూ అంతే. శవానికి స్నానం చేయించడం వల్ల వ్యాధి పాకుతోందని తెలిసినా, ఊరికే వద్దంటే జనం రాత్రిపూట దొంగచాటుగా పాతిపెట్టేవారు. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇస్లాం, క్రైస్తవ పెద్దలతో కూర్చుని ఖననం పద్ధతిని మళ్లీ రాసింది. నీళ్లు అవసరం లేని శుద్ధి అందులో చేరింది. అది వైద్యులకు తట్టిన ఉపాయం కాదు, ఇస్లాంలో ఎప్పటినుంచో ఉన్నదే.